వంతు చెప్పే గడి

నేను ఒక గడిని. కంప్యూటరు తెర మీద అరచేతంత ఉండే నలుచదరపు గడిని. కాలువల పోర్టల్ తెరిస్తే కుడిచేతి పక్కన, వర్షపాతం గడికి కింద, ఫోను నంబర్ల గడికి పైన నేనుంటాను. ఏ కాలువకు ఏ రోజు నీళ్లు వదులుతారో చెప్పడం నా పని. చదువుకున్నవాళ్లు నన్ను రిమోట్ పోర్ట్‌లెట్ అంటారు. నాకు చదువు లేదు కాబట్టి నాకు తెలిసినట్టు చెబుతాను. నా మొహం ఒక ఊళ్లో, నా ప్రాణం ఇంకో ఊళ్లో. మొహం కొమ్మనపూడి కాలువల ఆఫీసులో, ప్రాణం అక్కడికి యాభై మైళ్ల ఎగువన బ్యారేజీ పక్కనున్న చల్లగదిలో. ఎవరైనా నా మొహం మీద వేలు పెట్టి అడిగితే, నేను యాభై మైళ్లు పరిగెత్తి, అక్కడి పెద్ద మెషీన్ని అడిగి, జవాబు పట్టుకుని మళ్లీ యాభై మైళ్లు వెనక్కి రావాలి.

ఇదంతా ఎంతసేపంటారా? మీరు తుమ్ము వస్తోందని ముక్కు ఎగబీల్చి, తుమ్మి, చిరంజీవ అనిపించుకునేలోపు పద్నాలుగు సార్లు వెళ్లొస్తాను. ఒకసారి దారిలో తీగ మీద కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాని కాలి కింద నుంచి దూరి వెళ్లాను, జవాబు తీసుకుని తిరిగి వచ్చాను, అది ఇంకా రెండో కాలు దించలేదు. ఇంకోసారి బ్యారేజీ దగ్గర పిడుగు పడింది. ఆ పిడుగూ నేనూ ఒకే స్తంభం దగ్గర బయల్దేరాం. కొమ్మనపూడికి నేనే ముందొచ్చాను. నమ్మకపోతే పిడుగునే అడగండి.

ఇన్ని గొప్పలు చెబుతున్నానే గాని, నేను మోసుకొచ్చే అంకెలు నాకే చదవడం రాదు. ఇచ్చింది తెస్తాను, తెచ్చింది చూపిస్తాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయే సంగతికి చదువు రాకపోవడాన్ని సాకుగా వాడుకోవచ్చని మొదట్లో అనుకున్నాను. కుదరలేదు. సిగ్గుపడటానికి చదువు అక్కర్లేదని తెలిసింది.

నన్ను పుట్టించినావిడ పేరు వహీదా. హైదరాబాదులో ఒక మూడో అంతస్తు గదిలో, టీలో రస్కులు ముంచుకు తింటూ, రస్కు విరిగి టీలో పడ్డప్పుడల్లా ఒక మాట అనుకుంటూ, ఇరవై రోజుల్లో నన్ను తయారుచేసింది. అప్పటి నేను చాలా సాదా మనిషిని. తొమ్మిది కాలువల పేర్లు ఒకదాని కింద ఒకటి, పక్కన వాటి వంతు రోజులు. అంతే. కొమ్మనపూడి ఆఫీసులో కంప్యూటరు చూసే సుభాషిణి, ఎవరైనా రైతు వచ్చి అడిగితే, చూపుడు వేలు నా మీద పైనుంచి కిందికి జార్చేది. ఒకటి, రెండు, మూడు అని పైకే చదువుకుంటూ, అడిగినవాళ్ల కాలువ దగ్గర వేలు ఆపి రోజు చెప్పేది. ఆ వేలికి ఎప్పుడూ పసుపు వాసన వచ్చేది. ముక్కులేని నీకు వాసన ఎలా తెలిసిందని అడగకండి, పిడుగుతో పందెం వేసినదానికి అదొక లెక్కా.

అప్పట్లో నా మీద ఉన్న ఫిర్యాదు ఒకటే. గాలి వీచి లైను తెగితే నా మొహం తెల్లగా పాలిపోయేది. ఆఫీసు సూపరింటెండెంటు పూర్ణచంద్రరావు గారు కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది మళ్లీ మొహం వేలాడేసింది" అనేవారు. అప్పుడు సుభాషిణి బ్యారేజీకి ఫోను చేసి కనుక్కునేది. అదీ పోతే లస్కరు ఏసుపాదం ఉండనే ఉన్నాడు. లస్కరంటే కాలువ గట్టు వెంట తిరుగుతూ తూములు ఎత్తి దించే మనిషి. ఏసుపాదం సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, "రేపొద్దున్నే మీ కాలవకి నీళ్లండోయ్" అని చెప్పి వచ్చేవాడు. తెల్లమొహం వేసిన రోజుల్లో నా వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. తెలియదు అని మొహం చాటేసేదాన్ని, తెలిసినవాళ్లని వెతుక్కునేవారు.

ఆ ఏడు ఎగువన వానలు ఆలస్యమయ్యాయి. కాలువలన్నిటికీ ఒకేసారి నీళ్లివ్వలేక వంతులు పెట్టారు. ఒక్కో కాలువకి ఒకటిన్నర రోజు, వదిలిన రోజునుంచి పది రోజుల దాకా మళ్లీ లేదు. సరిగ్గా అప్పుడే నాకు కొత్త హంగులు వచ్చాయి.

వహీదా స్వయంగా కొమ్మనపూడి వచ్చి, సమోసాల పళ్లెం పక్కన పెట్టుకుని, ఆ రోజు సెలవు పెట్టిన సుభాషిణికి తప్ప ఆఫీసు వాళ్లందరికీ నన్ను చూపించింది. మూడు హంగులు. ఒకటి, జ్ఞాపకం. ఇకనుంచి నేను ప్రతిసారీ బ్యారేజీ దాకా పరిగెత్తక్కర్లేదు, ఒకసారి తెచ్చిన జవాబు కాసేపు దగ్గరుంచుకుని చూపించొచ్చు. రెండు, పక్క గడుల మాట వినడం. తెర నెత్తిన ఉన్న వెతుకులాట గడిలో ఊరి పేరు కొడితే, అది నా చెవిలో ఆ ఊరి కాలువ నంబరు చెబుతుంది, నేను ఆ కాలువ ఒక్కటే చూపిస్తాను. మూడు, మనిషిని గుర్తుపట్టడం. ఎవరు లాగిన్ అయితే వాళ్లకి నచ్చినట్టు నేను మారిపోతాను. ఆయనకు ఏ కాలువ కావాలి, పై పట్టీ ఉండాలా వద్దా, అక్షరాలు ఎంత లావుండాలి, అన్నీ గుర్తుంచుకుంటాను.

మనిషిని గుర్తుపడతానంటే నాకెంత గర్వం వేసిందో చెప్పలేను. అంతవరకూ నాకు అందరూ వేళ్లే. ఇకమీదట మనుషులు.

వహీదా ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "సార్, మీ స్టాఫ్ అందరికీ ఎవరి లాగిన్ వాళ్లకి ఉంది కదా?"

"ఎందుకు లేదమ్మా," అన్నారు పూర్ణచంద్రరావు గారు. "ఏడుగురికి ఏడు కవర్లు పంపారు పైనుంచి. సీలు కూడా తియ్యలేదు. బీరువాలో పెట్టి తాళం వేయించాను. ఒక్కటి పోతే ఎవరు సమాధానం చెబుతారు."

వహీదా నవ్వింది. ఆయన హాస్యమాడుతున్నారనుకుంది. ఆయన జన్మలో హాస్యమాడిన మనిషి కాదు. సీలు వేసిన కవరంటే ఆయనకు పరీక్ష పేపరుతో సమానం. కాబట్టి ఏడుగురి కవర్లూ బీరువాలో భద్రంగా ఉన్నాయి, ఏడుగురూ ఆయన ఒక్కరి పాస్‌వర్డుతోనే లోపలికొచ్చేవారు. ఆ పాస్‌వర్డు గోడ మీది క్యాలెండరులో, రాహుకాలం పట్టిక కింద, నీలం సిరాతో రాసి ఉంది. ఆ ఆఫీసులో ఎవరు నా ముందు కూర్చున్నా నాకు పూర్ణచంద్రరావు గారే. బొట్టు పెట్టుకుని సుభాషిణి కూర్చున్నా, ఆవిడ భోజనానికి వెళ్తే అటెండరు కూర్చుని క్రికెట్ స్కోరు చూసుకున్నా, నాకు మాత్రం సూపరింటెండెంటు గారే. మనుషుల్ని గుర్తుపడతానని విర్రవీగిన నేను గుర్తుపట్టింది ఒకే ఒక్క మనిషిని.

వహీదా వెళ్లిపోయిన రోజు సాయంత్రం పూర్ణచంద్రరావు గారికి సరదా పుట్టింది. 'నా కాలువ' అనే చోట నొక్కి, వాళ్ల సొంతూరి కాలువ పెట్టుకున్నారు. మూడో నంబరు. ఆయనకు అక్కడ సెంటు భూమి కూడా లేదు, తాతగారి ఊరని అభిమానం, అంతే. తర్వాత పై పట్టీ చోటు తినేస్తోందని దాన్ని తీసేశారు. కాలువ నంబరు రాసుండేది ఆ పట్టీ మీదే. అక్షరాలు లావు చేసుకున్నారు. "ఇప్పుడు బావుంది, కళ్లకి హాయిగా ఉంది" అన్నారు. నాకూ బావుంది. లావుపాటి అక్షరాల్లో ఒకే ఒక్క వరుస: నీటి విడుదల శుక్రవారం ఉదయం ఆరు గంటలకు.

మర్నాడు సెలవులోంచి తిరిగొచ్చిన సుభాషిణికి ఈ మార్పు కొత్త హంగుల్లో ఒకటనుకునే వీలుంది. అలాగే అనుకుంది. ఊరు పేరు కొట్టు, ఒక్క వరుస వస్తుంది, చదివెయ్. ఇంకేం కావాలి.

ఆ సోమవారం నూకరత్నం వచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. విడవక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఏడో నంబరు కాలువ చిట్టచివర, శివారు భూముల్లో, ఎకరంన్నర కౌలుకి చేస్తోంది. చుట్టుపక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయాయి, మధ్యలో ఆవిడ మడి ఒక్కటే వరి.

"సుభాషిణమ్మా, మా కాలవకి నీళ్లెప్పుడొత్తాయో సూసి సెప్పమ్మా. ఆకుమడి ముదిరిపోతంది."

"కూర్చోండి నూకరత్నం గారూ. ఎన్ని రోజులైంది నారు పోసి?"

"ముప్పైరెండో రోజు. పొలం ఆసామీ నిన్న గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు. ఈ వంతుకి ఊడ్పులు పడితే సరే, పడకపోతే పొక్లెయిన్ తెచ్చి చెరువు కొట్టించేత్తాను, నాకు ఇంక సెప్పకు అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏవంటాను. టీ తాగుతారా బాబూ అన్నాను. తాగాడు. తాగి మళ్లీ అదే మాట అన్నాడు."

సుభాషిణి నవ్వి, వెతుకులాట గడిలో ఆవిడ ఊరి పేరు కొట్టింది. పై గడి తన పని తాను సరిగ్గానే చేసింది. నా చెవిలో స్పష్టంగా, ఏడు, అని చెప్పింది.

నేను విన్నాను. వినలేదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను. ఏడు అని విన్నాను. కానీ నా ముందు కూర్చున్నది నా లెక్కలో పూర్ణచంద్రరావు గారు. ఆయన తన చేత్తో మూడు అని పెట్టుకున్నారు. పక్క గడి చెప్పిన మాటా, పెద్దాయన పెట్టుకున్న మాటా ఎదురుపడితే ఏం చెయ్యాలో వహీదా నాకు చెప్పలేదు, అలాంటి రోజు వస్తుందని ఆవిడ అనుకోలేదు. నేనే తేల్చుకున్నాను. పెద్దాయన మాటే నెగ్గించాను. పైగా జ్ఞాపకం అనే హంగు ఒకటి ఉందిగా, బ్యారేజీ దాకా వెళ్లి ఒకసారి అడిగొద్దామన్న ఆలోచన కూడా రాలేదు. పిడుగుని ఓడించిన దాన్ని, కూర్చున్న చోటినుంచి కదలకుండా దాచుకున్న పాత వరుసే ముందుపెట్టాను.

"శుక్రవారం పొద్దున్న ఆరింటికండి," అంది సుభాషిణి.

"శుక్రారమా? ఇంకా మూడ్రోజులుందన్నమాట. అయితే రేపూ ఎల్లుండీ పక్కూరు ఊడ్పులకెల్లొచ్చేత్తాను. గురారం మా మడి ఊడ్పులకి మనుసుల్ని సెప్పుకుంటాను." లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "శుక్రారం పొద్దున్నే కదమ్మా."

"ఆయ్, శుక్రవారమే. ఇదిగో, ఇంత లావు అక్షరాలతో ఉంది."

నూకరత్నం వంగి నన్ను చూసింది. ఆవిడకీ చదవడం రాదు, నాకూ రాదు. చదువురాని వాళ్లం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ నాకు దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్లిపోయింది.

ఏడో నంబరు కాలువ వంతు మంగళవారం.

తర్వాత జరిగింది నేను చూడలేదు, ఆఫీసులో వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. మంగళవారం పొద్దున్న ఆరింటికి ఏడో కాలువకి నీళ్లు వదిలారు. పై ఊళ్ల వాళ్లు ఇంజన్లు పెట్టి తోడుకోగా మిగిలింది తొమ్మిదింటికల్లా శివారు చేరింది. ఒక్క పూట ఉంది. ఆ పూట నూకరత్నం పక్కూళ్లో వేరేవాళ్ల మళ్లో నడుము వంచి నారు నాటుతోంది. ఆవిడ పొలానికి నీళ్లెళ్లే బోదె మూసే ఉంది. గట్టు మీద మనిషి లేడు. చుట్టూ చెరువులే కాబట్టి కబురు చెప్పే పొరుగు రైతు కూడా లేడు. నీళ్లు ఆవిడ మడి పక్కనుంచే నడిచి వెళ్లి మురుగు కాలువలో కలిసిపోయాయి.

శుక్రవారం పొద్దున్న ఆవిడ ఎనిమిదిమంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని గట్టు మీద కూర్చుందట. పదింటి దాకా కూర్చున్నారట. కాలువలో చెప్పు తడిసేటన్ని నీళ్లు కూడా రాలేదట.

శనివారం ఆఫీసుకొచ్చింది. కోపంగా వస్తుందేమో అనుకున్నాను. కోపంగా వస్తే కొంచెం బావుండేది.

"సుభాషిణమ్మా, శుక్రారం అంటే నువ్వు ఏ శుక్రారం అన్నావమ్మా? ఈ శుక్రారం అనలేదేమో. నేనే సరిగ్గా ఇన్లేదనుకుంటాను."

సుభాషిణి తెల్లబోయింది. లస్కరు ఏసుపాదం అక్కడే బల్ల మీద కూర్చుని తూముల రిజిస్టరులో సంతకం పెడుతున్నాడు. కలం ఆపాడు.

"ఏడో కాలవకి మంగళారమే వదిలాం కదమ్మా. నేనే తూమెత్తాను. నువ్వు కనపడలేదేటని అనుకున్నాను."

"మరి సెప్పలేదేం ఏసుపాదం?"

"ఇదివరకైతే ఇల్లిల్లూ తిరిగేవోణ్ణి. ఇంకెందుకు తిరగడం, అంతా పోర్టల్లో ఉంటందని ఆపేయమన్నారు. సైకిలు కూడా ఆఫీసుకి అప్పజెప్పించుకున్నారు."

సుభాషిణి గబగబా ఊరి పేరు కొట్టింది. శుక్రవారం. ఇంకో ఊరి పేరు కొట్టింది. శుక్రవారం. తొమ్మిది కాలువల ఊళ్లూ కొట్టింది. నేను తొమ్మిదిసార్లూ లావుపాటి అక్షరాలతో శుక్రవారం అన్నాను. ఆగుదామనుకున్నాను. నావల్ల కాలేదు. తెల్లమొహం వేయడం కూడా మర్చిపోయేలా చేశారు నన్ను. తొమ్మిదోసారికి సుభాషిణి కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. పోయిన పై పట్టీని వెతికి తిరిగి పెట్టింది. మూడో నంబరు కాలువ, అని తేలింది.

పూర్ణచంద్రరావు గారు లోపలి గదిలోంచి వచ్చారు. విషయం విన్నారు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నన్ను చాలాసేపు చూశారు.

"సర్వరు పనిచెయ్యలేదని రాసెయ్ సుభాషిణీ," అన్నారు మెల్లగా.

"పనిచేసింది సార్. అదే గొడవ."

"మరి ఏమని రాస్తావు?"

"నాకేం తెలుసు సార్. ముందు ఆవిడకి చెప్పాలి కదా."

చెప్పింది. కవర్ల దగ్గర్నుంచి క్యాలెండరు దాకా ఏదీ దాచకుండా చెప్పింది. తాను పై పట్టీ లేదని గమనించకపోవడం కూడా చెప్పింది. నూకరత్నానికి కవర్లు అర్థం కాలేదు, పాస్‌వర్డు అర్థం కాలేదు. అంతా విని, "అయితే తప్పు నాది కాదన్నమాట" అంది. అని, కాస్త ఊపిరి పీల్చుకుంది. నిన్నట్నుంచీ ఆవిడ తన చెవుల్ని తిట్టుకుంటోందట.

పూర్ణచంద్రరావు గారు గట్టిమనిషే గాని చెడ్డవారు కాదు. అప్పటికప్పుడు బ్యారేజీకి ఫోను చేశారు. ఏడో కాలువకి ఒక్క పూట అదనంగా ఇమ్మన్నారు. సార్ అన్నారు, ప్లీజ్ అన్నారు, ఒకచోట బాబూ అని కూడా అన్నారు. గేట్లు దించేశాం, ఎనిమిదో కాలువ వాళ్లు అప్పుడే గట్టు మీద కూర్చున్నారు, కుదరదు అన్నారు అవతల. మళ్లీ వంతు వచ్చే శుక్రవారానికి. అప్పటికి నారు నలభై మూడో రోజుకి వస్తుంది, కీళ్లు పడిపోతుంది, నాటినా పిలక వెయ్యదు.

ఏసుపాదం ఊరుకోలేదు. ఎవరి దగ్గరో ఇంజను అడిగి తెచ్చి, మురుగు కాలువలోంచి నీళ్లు తోడి మడికి పెట్టించాడు. కానీ అది చెరువుల ఉప్పు దిగిన నీరు. ఒక మూల నాటిన నారు నాలుగో రోజుకి ఎర్రబడింది. ఐదో రోజు ఆసామీ వచ్చాడు. ఈసారి టీ వద్దన్నాడట. పొక్లెయిన్ ఆ వారంలోనే దిగింది.

వహీదా మళ్లీ వచ్చింది. ఈసారి సమోసాలు లేవు. ఆవిడ బీరువా తీయించి, ఏడు కవర్ల సీలూ తన చేత్తో చింపి, ఏడుగురినీ వరసగా కూర్చోబెట్టి ఎవరి పేరుతో వాళ్లని లోపలికి పంపించింది. గోడ మీది క్యాలెండరు మార్పించింది. నాలో కూడా మార్పు చేసింది. పక్క గడి ఊరు చెబితే ఇంకెవరి ఇష్టమూ అడ్డురాకూడదు, వంతు విషయంలో జ్ఞాపకం మీద ఆధారపడకూడదు, ప్రతిసారీ బ్యారేజీకి వెళ్లి అడిగి రావాల్సిందే, పై పట్టీ ఎవరూ తీయలేరు. ఏసుపాదానికి సైకిలు తిరిగిచ్చారు. అందరూ బాగుపడ్డారు. నేను మరీ బాగుపడ్డాను. ఇప్పుడు సుభాషిణి కూర్చుంటే సుభాషిణి అనే గుర్తుపడతాను.

అప్పటినుంచి నేను తప్పు చెప్పలేదు. ఈ ముక్క గొప్పకి చెప్పడం లేదు. నిజానికి కొంగ కథ చెప్పినప్పుడున్న హుషారు ఇది చెప్పేటప్పుడు నాకు లేదు.

కార్తీకం వెళ్లాక ఒకరోజు నూకరత్నం వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. ఇప్పుడు ఆ చెరువు దగ్గరే పనికి కుదిరిందట, పూటపూటకీ చేపలకి మేత వేయడం. ఆసామీ పంపాడట.

"సుభాషిణమ్మా, కొత్త చెరువుకి నీళ్లెట్టాలంట. మా కాలవ వంతెప్పుడో కనుక్కురమ్మన్నారు."

సుభాషిణి ఊరి పేరు కొట్టింది. పక్క గడి నా చెవిలో ఏడు అంది. నేను పరిగెత్తాను. అంత వేగంగా ముందెప్పుడూ పరిగెత్తలేదు. యాభై మైళ్లు వెళ్లి, అడిగి, ఒకటికి రెండుసార్లు అడిగి, తెచ్చాను. ఏడో నంబరు కాలువ, మంగళవారం, ఉదయం ఆరు గంటలకు.

సుభాషిణి పై పట్టీ మీద వేలు పెట్టి కాలువ నంబరు చదివింది. తర్వాత రోజు చదివింది. తర్వాత బ్యారేజీకి ఫోను చేసి మళ్లీ కనుక్కుంది. ఒకటే జవాబు.

"మంగళవారం అండి. ఖాయం."

"మంగళారం," అంది నూకరత్నం. మెట్లు దిగుతూ ఇంకో రెండుసార్లు అనుకుంది, మర్చిపోకుండా.

మంగళవారం ఆరింటికి నీళ్లు వదిలారట. ఎకరంన్నరా నిండిందట.